విసిరిన రాయి దారి

మాచర్లకు సమీపంలో ఎత్తిపోతల వద్ద చంద్రవంక నది దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. వేసవిలో ఆ నీరు సన్నని పాయలై రాతిగోడను ఒరుసుకొంటూ జారుతుంది. వర్షాకాలంలో వరద వచ్చినపుడు అదే నీరు అంచును దాటి ముందుకు లంఘించి, గోడకు దూరంగా మడుగులో పడుతుంది. ఈ రెండు దృశ్యాలనూ చూచినవారు పల్నాటిలో వేలమంది ఉంటారు. వారిని ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి. అంచు నుంచి మెల్లగా జారి, గోడను తాకకుండా నేరుగా పడిన నీటిచుక్క ఒకటి. వరద ఉరవడిలో ముందుకు దూకి, దూరంగా పడిన నీటిచుక్క మరొకటి. ఈ రెండింటిలో ఏది ఎక్కువసేపు గాలిలో ఉంటుంది?

దూరంగా పడినదే అని చాలామంది చెబుతారు. ఎక్కువ దూరం నడిచినవాడికి ఎక్కువ సమయం పడుతుందన్నది మన నిత్యానుభవం కదా! కాని ఇక్కడ ఆ అనుభవం పనికిరాదు. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే రెండు చుక్కలూ ఒకే కాలంలో కింద పడతాయి. 70 అడుగులంటే సుమారు 21 మీటర్లు. అంత ఎత్తు నుంచి పడడానికి రెండు సెకన్లకు కాస్త పైగా పడుతుంది. అంచు దగ్గర నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో కదులుతూ ఉంటే ఆ రెండు సెకన్లలో గోడకు రెండు మీటర్ల దూరంలో పడుతుంది. నాలుగు మీటర్ల వేగంతో కదులుతూ ఉంటే ఎనిమిది మీటర్లకు పైగా పోయి పడుతుంది. దూరం మారింది, కాలం మారలేదు.

(ఎత్తిపోతల అనే పేరు యతులు తపస్సు చేసిన తలం కనుక వచ్చిందని ఒక వ్యుత్పత్తి ప్రచారంలో ఉన్నది. అది పండితులు తరువాత కల్పించినదిగానే నాకు తోస్తుంది. ఎత్తి పోసినట్లుగా నీరు పడే చోటు కాబట్టి ఎత్తిపోతల అయిందనుకోవడమే మన భాషకు సహజం.)

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో ప్రక్షేపక చలనం అనే పాఠం ఉన్నది. సైన్సు చదివే విద్యార్థులకు ఆ పాఠంలోని సూత్రాలు కంఠస్థం. వ్యాప్తి ఎంత, గరిష్ఠోన్నతి ఎంత, ఏ కోణంలో విసిరితే ఎక్కువ దూరం పోతుంది అని అడిగితే తడుముకోకుండా చెబుతారు. ప్రక్షేపకం దారి పరావలయమని ఋజువు చేయమంటే రెండు పుటలు నింపుతారు. కాని ఎత్తిపోతల ప్రశ్నను మామూలు తెలుగులో అడిగితే వారిలో ఎక్కువమంది తడబడతారు. సూత్రం వచ్చు, సంగతి తెలియదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని గురించే ఈ వ్యాసం. భౌతికశాస్త్ర పాఠంలో తెలుగు అధ్యాపకునికేమి పని అని మీరు అడగవచ్చు. ఈ పాఠంలో విద్యార్థి తడబడేది గణితంలో కాదు, మాటలో అని నా అభిప్రాయం. మాటలో చిక్కు ఉన్నచోట మాకు కొంత పని ఉంటుంది.

ఇంకొక ప్రశ్న. ఒక రాయిని నిట్టనిలువుగా పైకి విసిరాము. అది చేతిని విడిచి ఇంకా పైకి పోతూనే ఉన్నది. ఆ సమయంలో దానిపై పనిచేసే బలాలేవి? సాధారణంగా వచ్చే సమాధానం ఇట్లా ఉంటుంది: “మనం విసిరిన బలం రాయిని పైకి తోస్తూ ఉంటుంది. భూమ్యాకర్షణ కిందికి లాగుతూ ఉంటుంది. పైకి పోయిన కొద్దీ మన బలం తగ్గుతుంది. శిఖరం దగ్గర రెండూ సమానమవుతాయి కనుక రాయి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ తరువాత భూమ్యాకర్షణది పైచేయి అవుతుంది.” వినడానికి ఎంతో చక్కగా ఉన్నది. ఇద్దరు మల్లులు పెనుగులాడిన కథ వలె ఆది, మధ్యమం, అంతం అన్నీ కుదిరి ఉన్నాయి. కాని ఇందులో ప్రధానమైన మాటే తప్పు. రాయి చేతిని విడిచిన మరుక్షణం నుంచి చేతి బలం దానిపై లేదు. ఉన్నది భూమ్యాకర్షణ ఒక్కటే. గాలి నిరోధం కొద్దిగా ఉంటే ఉండవచ్చు. పైకి పోయేటపుడు, శిఖరాన ఉన్నపుడు, కిందికి వచ్చేటపుడు ఆ ఆకర్షణలో మార్పు లేదు. శిఖరం దగ్గర రాయి వేగం సున్న అవుతుంది గాని, దాని త్వరణం సున్న కాదు. అక్కడ కూడ అది సెకనుకు సెకనుకు 9.8 మీటర్లే. అక్కడ త్వరణం కూడ సున్న అయితే రాయి ఆకాశంలో అట్లే నిలిచిపోవలసి వస్తుంది!

ఈ పొరపాటును పిల్లల అజ్ఞానమని నవ్వి వదిలివేయరాదు. దీని వెనుక రెండువేల ఏండ్ల చరిత్ర ఉన్నది.

మన దేశంలో వైశేషిక దర్శనకారులు వస్తువుల కదలికను గురించి నిశితంగా ఆలోచించారు. కణాదుని వైశేషిక సూత్రాలలోను, ప్రశస్తపాదుని పదార్థధర్మసంగ్రహంలోను బాణగమనాన్ని గురించిన చర్చ ఉన్నది. వారి మతం ప్రకారం వింటినారి తోపు వలన బాణంలో మొదటి కదలిక పుడుతుంది. ఆ తోపుకు నోదనమని పేరు. ఆ మొదటి కదలిక బాణంలో వేగమనే సంస్కారాన్ని పుట్టిస్తుంది. నారి నుంచి విడివడిన తరువాత బాణాన్ని ముందుకు నడిపేది ఆ వేగసంస్కారమే. అది నశించినపుడు గురుత్వం వలన బాణం కింద పడుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం నేటికీ తర్కశాస్త్రం నేర్చుకొనేవారికి తొలి గ్రంథం. సంస్కారం మూడు విధాలని అందులో ఉన్నది: వేగం, భావన, స్థితిస్థాపకం. కర్మ అయిదు విధాలు: ఉత్క్షేపణం, అపక్షేపణం, ఆకుంచనం, ప్రసారణం, గమనం. మొదటి రెంటిలోను ఉన్న క్షేపణమే ప్రక్షేపకంలోనూ ఉన్నది. విసరడమనే అర్థంగల ‘క్షిప్’ ధాతువు నుంచే క్షిపణి కూడ వచ్చింది. భౌతికశాస్త్ర పుస్తకాన్ని తెలుగులో తెరిస్తే వేగం, గురుత్వం, స్థితిస్థాపకత అనే మాటలు పలకరిస్తాయి. తర్కశాస్త్రం చదివినవానికి అవన్నీ పాత చుట్టాలే.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. చుట్టాల పేరు అదే, మనిషి మారిపోయాడు. తర్కంలో వేగం అంటే వస్తువులో నిలిచి ఉండి దానిని నడిపించే ఒక గుణం. భౌతికశాస్త్రంలో వేగం అంటే వస్తువు ఏ దిక్కుగా ఎంత త్వరగా స్థానం మార్చుకొంటున్నదో తెలిపే కొలత మాత్రమే. దిక్కును వదిలి త్వరను మాత్రమే చెబితే అది వడి. ఈ వేగం దేనినీ నడిపించదు, తోయదు. అట్లే తర్కంలో గురుత్వం వస్తువులోనే ఉండే గుణం. నేటి శాస్త్రంలో అది భూమికి, వస్తువుకు మధ్య ఉండే ఆకర్షణ. పాఠ్యపుస్తకం కొత్త అర్థంతో వేగమని వ్రాస్తుంది. విద్యార్థి మనస్సు పాత అర్థంతో చదువుకొంటుంది. పరీక్షలో ఇద్దరికీ తగవు రాదు, ఎందుకంటే అక్కడ అడిగేది అంకెనే.

తర్కశాస్త్రం చదవని పిల్లలకు ఈ పాత అర్థం ఎక్కడి నుంచి వచ్చింది? వాడుక భాష నుంచి వచ్చింది. మనకు ‘ఊపు’ అనే అందమైన మాట ఉన్నది. రాయికి ఊపిచ్చి వదిలామంటాము. ఊపు మీద పోతున్నదంటాము. ఊపు తగ్గి పడిపోయిందంటాము. వైశేషికులు వేగసంస్కారమని దేనినన్నారో దానినే పల్నాటి రైతు ఊపు అంటాడు. బండి చక్రం, ఉయ్యాల, బొంగరం, బంతి అన్నీ ఊపు తగ్గి ఆగేవే కనుక ఆ మాట మన అనుభవానికి సరిగా అతుకుతుంది. అవి ఆగడానికి కారణం ఊపు దానంతటదే అరిగిపోవడం కాదు, ఘర్షణ, గాలి నిరోధం వాటిని ఆపుతున్నాయి. ఈ సంగతి మాటలో కనిపించదు. భౌతికశాస్త్రంలో ఊపుకు కాస్త దగ్గరగా వచ్చేది ద్రవ్యవేగం. అయితే అది కూడ బయటి బలం లేనిదే తరగదు.

ఇక్కడ రెండు పక్షాలవారితో నాకు పేచీ ఉన్నది. కణాదుడే న్యూటన్ కంటె ముందు చలన నియమాలు కనుగొన్నాడని కొందరు వేదికలెక్కి చెబుతున్నారు. ప్రాచీన వాఙ్మయం చదువుకొని జీవించేవాడిని గనుకనే ఆ మాటను నేను అంగీకరించలేను. కణాదుడు, ప్రశస్తపాదుడు అడిగిన ప్రశ్న గొప్పది. చేతిని విడిచిన వస్తువు ఎందుకు కదులుతూ ఉంటుంది? ఆ ప్రశ్నకు వారిచ్చిన సమాధానం తర్కబద్ధమైనదే గాని, నిలబడలేదు. వారు చెప్పినదానిని చెప్పినట్లు చదవడమే వారికి మనం చేయగలిగిన గౌరవం. వారు చెప్పనిదానిని వారి నోట పెట్టడం గౌరవం కాదు. రెండవ పక్షంవారు, పాత గ్రంథాలలో ఏమున్నదని పెదవి విరుస్తారు. తరగతిలో ఎదురుగా కూర్చున్న విద్యార్థి మనస్సులో ఉన్నది సరిగ్గా ఆ పాత సిద్ధాంతమే అని వారు గుర్తించరు. వ్యాధి ఏదో తెలియనివాడు మందు ఎట్లా ఇస్తాడు?

ఐరోపాలోనూ కథ ఇట్లాగే నడిచింది. అరిస్టాటిల్ రాయిని గాలియే తోస్తుందన్నాడు. 14వ శతాబ్దిలో పారిస్‌లోని బురిడాన్ మన వేగసంస్కారం వంటి ఒక శక్తిని ఊహించాడు. 1537లో ఇటలీకి చెందిన టార్టాలియా ఫిరంగి గుండ్లను గురించి గ్రంథం వ్రాస్తూ, గుండు మొదట సరళరేఖలోను, తరువాత వృత్తఖండంలోను, చివరకు నిట్టనిలువుగాను పోతుందని వర్ణించాడు. ఆ బొమ్మ తప్పు. కాని 45 డిగ్రీల కోణంలో పేల్చితే గుండు అత్యధిక దూరం పోతుందని కూడ ఆయనే అదే గ్రంథంలో చెప్పాడు. సమతల నేలమీద, గాలి నిరోధాన్ని విడిచిపెడితే అది సరియైన సమాధానమే. దారి తప్పు, గమ్యం ఒప్పు! నేడు ఆయన మన ప్రవేశ పరీక్ష వ్రాస్తే ఆ ప్రశ్నకు పూర్తి మార్కు తెచ్చుకొంటాడు. సమాధానం సరిపోయినంత మాత్రాన విషయం బోధపడినట్లు కాదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముడి విప్పినవాడు గెలీలియో. ఆయన 1638లో ప్రకటించిన గ్రంథంలో విసిరిన వస్తువు చలనాన్ని రెండుగా విడదీశాడు. అడ్డంగా సాగే చలనం ఒకటి. దానిని అడ్డగించేది లేకపోతే అది మారదు. కిందికి పడే చలనం ఒకటి. అది క్షణక్షణానికి సమంగా పెరుగుతుంది. ఈ రెండూ ఒకే వస్తువులో, ఒకే సమయంలో, ఒకదానితో ఒకటి జోక్యం చేసుకోకుండా జరుగుతాయి. ఈ జోక్యం లేకపోవడమే అసలు సంగతి. వైశేషికులకు గాని, టార్టాలియాకు గాని ఒక చలనం ముగిసిన తరువాత రెండవది మొదలవుతుంది. ముందు వేగం, పిదప గురుత్వం. గెలీలియోకు రెండూ మొదటి క్షణం నుంచీ కలిసే ఉంటాయి. గుంటూరు పోయే రైలులో కూర్చొని ఒక నాణేన్ని నిటారుగా ఎగరవేసి చూడండి. రైలు ఒకే వేగంతో సాఫీగా పోతూ ఉంటే నాణెం మీ చేతిలోనే పడుతుంది, వెనుక సీటువాని ఒడిలో పడదు. మీతో పాటు దానికున్న ముందుకు పోయే వేగాన్ని అది గాలిలో కూడ విడిచిపెట్టలేదు.

దీనిని మన ఒడిసెలతో చూద్దాము. జొన్న కంకి పాలు పట్టే రోజులలో మంచె ఎక్కి, ఒడిసెలతో రాళ్ళు విసిరి పిట్టలను తోలడం మెట్టపొలాల రైతులకు తెలిసిన పనే. ఒడిసెల గిరగిర తిరిగి, ఒక కొస వదలగానే రాయి ఆ క్షణాన ఏ దిక్కుగా పోతున్నదో ఆ దిక్కుగా తిన్నగా బయలుదేరుతుంది. గుండ్రంగా తిరిగినది గుండ్రంగా పోదు. దానిని వంచి తిప్పింది తాడు. తాడు పట్టు వదిలిన తరువాత వంచేదేమీ లేదు. ఇది కూడ పిల్లలు తరచు తప్పు చెప్పే ప్రశ్నే.

ఆ రాయి సెకనుకు 20 మీటర్ల వేగంతో, నేలకు 45 డిగ్రీల కోణంలో బయలుదేరిందనుకొందాము. ప్రస్తుతానికి నేల మీద నిలబడే విసిరామని, మన ఎత్తును విడిచిపెడదామని అనుకొందాము. భూమ్యాకర్షణే లేకపోతే రాయి ఏటవాలు గీత వెంట తిన్నగా పోతుంది. ఒక సెకను తరువాత 14.1 మీటర్ల ముందుకు, 14.1 మీటర్ల ఎత్తున ఉండాలి. కాని ఒక సెకనులో ఏ వస్తువైనా 4.9 మీటర్లు పడుతుంది. అందుచేత అది 9.2 మీటర్ల ఎత్తునే ఉంటుంది. రెండు సెకన్ల తరువాత గీత మీదనైతే 28.3 మీటర్ల ఎత్తున ఉండాలి. రెండు సెకన్లలో పడే దూరం 19.6 మీటర్లు. కనుక 8.7 మీటర్ల ఎత్తునే ఉంటుంది. రెండు సెకన్ల తొంబది శాతాల ప్రాంతంలో, 40.8 మీటర్ల దూరాన, పడిన దూరం ఎక్కిన ఎత్తుకు సమానమై రాయి నేలను తాకుతుంది. గమనించండి. రాయి పైకి పోయేటపుడు కూడ ఆ గీత నుంచి కిందికి పడుతూనే ఉన్నది. చేతిని విడిచిన మొదటి క్షణం నుంచి దాని పతనం మొదలైంది. ఎక్కడం, దిగడం అని మనం రెండు పేర్లు పెట్టుకొన్నాము గాని, రాయి చేసిన పని ఒక్కటే.

ఈ ఒక్క మాట అర్థమైనవానికి పరావలయ సమీకరణం ఉత్పన్నం చేయడం పెద్ద శ్రమ కాదు. కాలం గడిచిన కొద్దీ ముందుకు పోయిన దూరం కాలానికి అనులోమంగా పెరుగుతుంది, పడిన దూరం కాలవర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఒకటి రెండింతలైతే మరొకటి నాలుగింతలవుతుంది. ఆ వంపుకే పరావలయమని పేరు.

ఇప్పుడు మంచె ఎక్కుదాము. మంచె మీద నుంచి వదిలిన రాయి నేలకు మూడు మీటర్ల ఎత్తున బయలుదేరిందనుకొందాము. అప్పుడు కూడ 45 డిగ్రీలలో విసిరితేనే ఎక్కువ దూరం పోతుందా? సూత్రం బట్టీ పట్టినవాడు అవునంటాడు. కాదు. అదే 20 మీటర్ల వేగానికి మంచె మీద నుంచి దాదాపు 43 డిగ్రీల కోణం ఉత్తమం. ఎత్తు ఎక్కువైన కొద్దీ ఈ కోణం ఇంకా తగ్గుతుంది. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. ఎత్తున ఉన్నాము కనుక గాలిలో ఉండే కాలం కొంత ఉచితంగా దొరికింది. అందుచేత పైకి విసరడానికి పెట్టే శ్రమలో కొంత ముందుకు విసరడానికి మళ్ళించవచ్చు. 45 అనే అంకె వెనుక ‘బయలుదేరిన మట్టానికే తిరిగి వచ్చినపుడు’ అనే షరతు ఉన్నది. షరతును మరచి అంకెను గుర్తుపెట్టుకోవడం, పద్యంలో అన్వయం విడిచి యతిస్థానం మాత్రం గుర్తుపెట్టుకోవడం వంటిది.

కవుల బాణాలు భౌతికశాస్త్రం పాటించవు, పాటించనక్కరలేదు కూడ. తిక్కన యుద్ధపర్వాలలో శరపరంపరలు ఆకాశాన్ని కప్పివేస్తాయి. ఎంత పడ్డాయో ఎవరూ కొలవరు. కొలవవలసింది విలుకాండ్రు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కాంపౌండ్ విలువిద్యలో మూడు స్వర్ణపతకాలు గెలిచింది. ఆ పోటీలో లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉంటుంది. బాణం సెకనుకు 80 మీటర్ల వేగంతో పోతుందనుకొంటే లక్ష్యం చేరడానికి సెకనులో అయిదింట మూడు వంతులకు పైగా పడుతుంది. ఆ కాస్త సమయంలోనే అది దాదాపు 1.9 మీటర్లు, అనగా ఒక మనిషి నిలువు కంటె ఎక్కువ, కిందికి పడుతుంది. లక్ష్యానికి సూటిగా బాణాన్ని నిలిపి వదిలితే అది లక్ష్యాన్ని చేరదు. ‘సూటి’ అనే మాటలో అంత వంపు దాగి ఉన్నది.

ఈ లెక్కపై ప్రాణాలు, ఆస్తులు ఆధారపడే చోట్లు కూడ ఉన్నాయి. పల్నాటికి ఎగువన కృష్ణానదిపై శ్రీశైలం ఆనకట్ట ఉన్నది. దాని 12 గేట్ల నుంచి దూకే వరద సూటిగా ఆనకట్ట పాదం మీద పడితే పునాది కోసుకుపోయే ప్రమాదం ఉన్నది. అందుకని నీరు జారే ఏటవాలు కట్టడం చివరను ఇంజనీర్లు పైకి వంచి దొన్నెవలె నిర్మించారు. ఆ వంపు నీటిని ఎత్తి దూరంగా విసరుతుంది. లక్షల క్యూసెక్కుల నీరు ఒక ప్రక్షేపకమై గాలిలో లేచి, ఆనకట్టకు దూరంగా నదిగర్భంలో పడుతుంది. పడినచోట నది అడుగు కోసుకొని లోతైన గుంత ఏర్పడింది. ఆ గుంత ఆనకట్ట వైపు పెరగకుండా కాపాడుకోవడం ఇంజనీర్లకు నేటికీ బరువైన బాధ్యతగా ఉన్నది. ఏ కోణంలో, ఎంత వేగంతో విసిరిన నీరు ఎంత దూరంలో పడుతుందన్న ప్రశ్న అక్కడ ఒక మార్కు ప్రశ్న కాదు.

పొరపాటు మన పిల్లలది మాత్రమే కాదని చెప్పడానికి మరొక సంగతి చెప్పవలసి ఉన్నది. అమెరికాలో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన హలౌన్, హెస్టెనెస్ అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులకు గణితం అవసరం లేని సామాన్యమైన ప్రశ్నలిచ్చి పరీక్షించి, ఫలితాలను 1985లో ప్రకటించారు. భౌతికశాస్త్ర పాఠాలు పూర్తిగా విన్న తరువాత కూడ చాలామంది విద్యార్థులలో పాత నమ్మకాలు చెక్కుచెదరకుండా ఉన్నాయని వారు కనుగొన్నారు. పాఠం పైన పూతవలె అంటుకొన్నది, లోపలి నమ్మకం లోపలే ఉన్నది. చేయి తిరిగిన అధ్యాపకులు చెప్పిన తరగతులలో కూడ పరిస్థితి అదే.

సూత్రాలు వద్దని నేను అనడం లేదు. భౌతికశాస్త్ర అధ్యాపకుల కష్టం నాకు తెలియనిదీ కాదు. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో మూడు గంటలలో 160 ప్రశ్నలు ఉంటాయి, అందులో 40 భౌతికశాస్త్రానివి. ఒక్కొక్క ప్రశ్నకు నిమిషం చిల్లర మాత్రమే. పిల్లవాడు ఎత్తిపోతలను తలచుకొంటూ కూర్చుంటే సీటు పోతుందని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం నిరాధారమైనది కాదు. మెట్టపొలం అమ్మి ఫీజు కట్టిన తండ్రికి అవగాహన గురించి ఉపన్యాసమిచ్చే ధైర్యం ఎవరికుంటుంది? కాని ఆ తండ్రి తరఫునే నేను ఈ మాట అంటున్నాను. అర్థం కాని సూత్రం ప్రశ్న రూపం కాస్త మారితే పనికిరాదు. నేల నుంచి కాక మంచె మీద నుంచి అని అడిగిననాడు అది చేతికి రాదు. ఆయన కట్టిన రుసుముకు ఆయన బిడ్డకు ముట్టవలసినది సూత్రాల జాబితా మాత్రమేనా?

నా సూచన పెద్దదేమీ కాదు. ప్రక్షేపక చలనం పాఠం ముగిసిన తరువాత ప్రతి విద్యార్థి ఒక్క పుట, సూత్రం గాని అంకె గాని లేకుండా, తన సొంత మాటలలో వ్రాయాలి: విసిరిన రాయి ఎందుకు వంగి పడుతుంది? ఇంగ్లీషు మాధ్యమంలో చదివేవాడైనా ఇంట మాట్లాడే భాషలోనే వ్రాయాలి. ఎందుకంటే ఊపు దాగి ఉన్నది ఆ భాషలోనే. పరాయి భాషలో వ్రాసినపుడు ఎవరో కూర్చిన వాక్యాన్ని ఒప్పజెప్పి తప్పించుకోవచ్చు. తల్లిభాషలో వ్రాసినపుడు లోపలి నమ్మకం బయటపడక తప్పదు. బయటపడిన తరువాతనే దానిని దిద్దడం వీలవుతుంది. ఆ పుటను భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తెలుగు అధ్యాపకుడు కలిసి దిద్దితే ఇంకా మేలు. ‘బలం’ అన్నచోట ‘వేగం’, ‘వేగం’ అన్నచోట ‘ఊపు’ వ్రాసినవానిని పట్టుకోవడానికి ఇద్దరి కళ్ళూ కావాలి. తెలుగు గంటను మార్కుల కొరకు మాత్రమే భరించే కళాశాలలకు ఇది వింతగా తోచవచ్చు.

వ్రాసే ముందు చేసి చూడదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. ఏటవాలుగా పట్టుకొన్న లోహపు అద్దం మీద తడిసిన కంచుగుండును దొర్లిస్తే అది తన దారిని తానే గీస్తుందని గెలీలియో వ్రాశాడు. మనకు కంచుగుండు అక్కరలేదు. గోలీ చాలు. వెడల్పాటి చెక్క మీద గళ్ళ కాగితం అంటించి, ఒక అంచు కింద రెండు పుస్తకాలు పెట్టి వాలు చేయండి. గోలీని సిరాలో ముంచి, పై మూల నుంచి అడ్డంగా, వాలుకు సరిగ్గా లంబంగా దొర్లించండి. వాలు తక్కువ కాబట్టి పడే చలనం నెమ్మదిస్తుంది, కంటికి అందుతుంది. వంపు స్వభావం మాత్రం మారదు. గోలీ బయలుదేరిన చోటు నుంచి అడ్డంగా మూడు గళ్ళకొక గుర్తు పెట్టి, ప్రతి గుర్తు దగ్గర సిరాగీత ఎంత కిందికి దిగిందో స్కేలుతో కొలవండి. మొదటి గుర్తు దగ్గర ఒక సెంటీమీటరు దిగి ఉంటే, రెండవదాని దగ్గర సుమారు నాలుగు, మూడవదాని దగ్గర సుమారు తొమ్మిది ఉంటాయి. ఇంకాస్త గట్టిగా దొర్లించి రెండవ గీత గీయండి. అది మొదటిదానికంటె దూరంగా పోతుంది. రెండు గోలీలూ చెక్క అడుగు అంచును చేరడానికి తీసుకొన్న కాలంలో తేడా ఉన్నదేమో పక్కనున్న స్నేహితుని చేతిగడియారంతో చూడమనండి.